చెక్క వైపు తిరిగిన అక్షరాలు

షుగరు మూడోసారి పడిపోయిందని నర్సమ్మ చెప్పినప్పుడు నేను ఆసుపత్రి గోడకి చేరబడి నుంచున్నాను.

పొద్దున మా ఆవిడ వంటింట్లో గిన్నె పట్టుకునే కూలబడిపోయింది. ఒళ్లంతా చెమట. పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక్కడ గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచి, "నా చెప్పులేవీ?" అంది. అమ్మయ్య అనుకున్నాను. అరగంటకి కళ్లు మళ్లీ మూతలు పడ్డాయి. మళ్లీ ఎక్కించారు. మళ్లీ అంతే.

"చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టుంది," అంది డాక్టరమ్మ. మా కోడలి ఈడు మనిషి. "ఏదో మందు లోపల్నుంచి షుగర్ని లాగేస్తోంది. అదేంటో తెలిస్తే విరుగుడు ఇవ్వగలను. గుడ్డిగా ఇవ్వలేను. ఏం మాత్రలు వాడుతున్నారు తాతగారూ?"

"షుగరుకి, బీపీకి."

"పేర్లు?"

నేల వైపు చూశాను.

"పోనీ, ఎప్పుడూ చూపించుకునే డాక్టరు ఎవరు? ఆయనకే ఫోన్ చేస్తాం."

అలాంటి డాక్టరు నా బావమరిదికి ఉన్నాడు. వాడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. మార్కెట్ వెనక మేడ మీద డాక్టరు దగ్గరికి పన్నెండేళ్లుగా వెళ్తున్నాడు. వాడికి దగ్గు ఏ నెలలో మొదలైందో ఆయన చెప్పగలడట. చదువుకున్నవాడికి అన్ని రోగాలకీ ఒక డాక్టరు. మాకు రోగానికో డాక్టరు, అదీ కుదరకపోతే మందుల షాపువాడు.

నేనూ ఒకసారి ఆ మేడ మెట్లెక్కాను. తొమ్మిదేళ్లయింది. కౌంటరు దగ్గర పిల్ల కాగితమూ పెన్నూ ఇచ్చి నింపమంది. ముప్పై గళ్లున్నాయి. నాది మూడో తరగతి చదువు. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాను. అవి చీమల బారులా ఉన్నాయి. పెన్ను అక్కడే పెట్టి, పనుందని చెప్పి దిగొచ్చేశాను.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తోంది. పక్క మంచం వాళ్లు కూడా తలలు తిప్పారు.

"మార్కెట్ వెనక మేడ మీద డాక్టరు గారు," అన్నాను.

నర్సమ్మ ఫోన్ తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. అద్దంలోంచి కనబడుతూనే ఉంది. "ఇంకోసారి చూడండి... పాత ఫైళ్లలో చూడండి," అని అడుగుతోంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. మంచం మీద మా ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి.

బావమరిది రొప్పుతూ వచ్చాడు. "అక్కకేమైంది బావా?"

నేను చెప్పేలోపే నర్సమ్మ తిరిగొచ్చింది. "ఆ పేరుతో ఫైలే లేదంటున్నారు మేడం. ఇంకా వెతుకుతున్నారు."

"ఎక్కడ?" అన్నాడు వాడు. చెప్పింది. "ఆయన నా డాక్టరండీ! మా అక్క ఆ మెట్లే ఎక్కలేదు. ఎవరు చెప్పారు మీకు?"

అందరూ నన్నే చూశారు.

"అబద్ధం చెప్పానమ్మా," అన్నాను. "మాకు డాక్టరు లేడు."

"ఇరవై నిమిషాలు పోయాయి, తాతగారూ," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

"మాత్రలు ఇంట్లో ఉన్నాయి. చెక్కకి కొట్టాను."

"కొట్టారా?"

"మా బావ వడ్రంగి లెండి," అని వాడు నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లి స్కూటరెక్కించాడు.

నా కార్ఖానాలో ఒక పలక ఉంది. ప్రతి రకం మేకూ, మరమేకూ ఒక్కొక్కటి దానికి బిగించి ఉంటాయి. ఏది కావాలన్నా పలకతో పోల్చి తీస్తాను. పేరు చదవక్కర్లేదు. మా ఆవిడ మాత్రలకీ అదే పద్ధతి పెట్టాను. వంటింటి కిటికీ పక్కన ఒక చెక్క. ఒక్కో రకానికి ఒక షీటులో ఒక మాత్ర ఉంచి, ఆ షీటుని చెక్కకి మేకులతో కొట్టాను. పైన పెన్సిలుతో పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రవంక. మిగతావన్నీ తేగానే ఒలిచి డబ్బాలో పోసి, రంగు చూసి తీసి ఆమె చేతిలో పెడతాను. "మొగుణ్ణి కట్టుకుంటే కాంపౌండరు కూడా వచ్చాడు," అని నవ్వేది.

ఇంటికి రాగానే బావమరిది ఫోన్ తీశాడు. "ఫోటో కొట్టి పంపేస్తా." చెక్క ముందు ఆగిపోయాడు. "అక్షరాలేవి బావా?"

"వెనక."

"చెక్క వైపు తిప్పి కొట్టావా!"

"మాత్ర కనబడాలి కదా."

వాడు నెత్తి కొట్టుకున్నాడు. నేను మేకు పట్టుకున్నాను. పటకారు పనిచేసే చోట ఉండిపోయింది. నేను కొట్టిన మేకు ఊడదని నాకు పేరు. వంటింటి కత్తి మొన దూర్చి లేపాను. జారి వేలు తెగింది. మళ్లీ దూర్చాను. "త్వరగా, బావా, త్వరగా," అంటున్నాడు వాడు. నా పనితనాన్ని నేను తిట్టుకోవడం అదే మొదటిసారి.

పసుపు మాత్రల షీటు ఊడింది. వాడు తిప్పి చదివాడు. తెల్ల మాత్రలదీ ఊడింది. తిప్పాడు. మళ్లీ మొదటిది చూశాడు. మా ఇంట్లో మాట్లాడనివాణ్ణి నేను. వాడు ఊరుకుంటే భయమేసింది.

"ఈ పసుపువి ఎవరిచ్చారు?"

"షాపాయన. మూడేళ్లుగా వాడుతోంది."

"తెల్లవి?"

"నెల కిందట ఫ్రీ క్యాంపులో. ఏం వాడుతున్నావని అడిగారు. పసుపు మాత్ర అని చెప్పింది. ఇది రాశారు."

"రెండూ ఒకటే మందు బావా. షుగరు దించేదే. కంపెనీలు వేరు, రంగులు వేరు. అక్క రోజూ రెండింతలు మింగుతోంది."

నాలుగు రోజులుగా నలతగా ఉండి ఆమె సరిగ్గా తినలేదు. వద్దన్నా, మాత్ర మానకూడదని బతిమాలి మింగించాను. ఈ చేత్తోనే. కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

వాడు ఫోన్లో రెండు పేర్లూ అక్షరం అక్షరం చెప్పాడు. అటు డాక్టరమ్మ గొంతు నాకూ వినబడింది. "అదే! ఇంజెక్షన్ ఇస్తున్నాం. మీరు రండి."

మేం వెళ్లేసరికి ఇచ్చేశారు. గంటగంటకీ వేలు గుచ్చి చూశారు. మొదటి గంట షుగరు నిలబడింది. రెండో గంట నిలబడింది. ప్రతిసారీ నర్సమ్మ పెదాల వైపే చూశాను. సాయంత్రానికి మా ఆవిడ తల తిప్పి తమ్ముణ్ణి చూసింది.

"మీ బావ నోరు తెరిచారా?"

"తెరిచాడక్కా. అబద్ధంతో బోణీ చేశాడు."

"పోనీలే. ఉలి పెట్టినా తెరుచుకోని నోరు," అంది. నా వేలి కట్టు చూసి, ఆ చెయ్యి తన వైపు లాక్కుంది.

పది రోజుల తర్వాత ముగ్గురం మార్కెట్ వెనక మేడ మెట్లెక్కాం. నా చంకలో ఆ చెక్క ఉంది. కౌంటరు దగ్గర ఇప్పుడు వేరే పిల్ల. అదే కాగితం, అవే గళ్లు. బావమరిది చెయ్యి చాపాడు.

"నువ్వుండు," అన్నాను. కాగితం ఆ పిల్ల వైపే జరిపాను. "నాకు రాదమ్మా. నువ్వడుగు, నేను చెబుతాను."

"దానికేముంది తాతగారూ, కూర్చోండి," అని పెన్ను తీసింది. పేరు అడిగింది. వయసు అడిగింది. ఇంతకు ముందు చూసిన డాక్టరు ఎవరని అడిగింది.

"లేరు. అలాగే రాయి."

రాసింది. ముప్పై గళ్లకీ ఆరు నిమిషాలు పట్టింది.