పాయింట్ సున్నా

యజమాని వదిలేసి పోయిన రొట్టెల కార్ఖానాను పనివాళ్లే నడుపుకుంటున్నారు. ఓవెన్‌కు ప్రోగ్రామ్ రాసింది పిడుగు. అది అందరూ కలిసి తగిలించిన పేరు. ఆ ఉదయం ఓవెన్‌కు పిచ్చెక్కింది. ఒక విడత రొట్టెలు బొగ్గయ్యాయి, ఇంకో విడత పచ్చిపిండిగానే బయటికొచ్చాయి. మధ్యాహ్నం సభలో తేల్చేస్తారు: పిడుగు ప్రోగ్రామ్ పీకేసి, ఓవెన్ కంపెనీవాళ్లు సీలు వేసి ఇచ్చే కంట్రోల్ పెట్టె మళ్లీ తెచ్చుకోవాలా అని. దాని మూత తీసే హక్కు పనివాడికి లేదు. ఆ మాట తలుచుకుంటేనే పిడుగుకు ఒళ్లు మండిపోతోంది.

ఓవెన్ చూసుకునేది ఆమె అక్క మొగుడు. "నిన్న ఏం కెలికావు బావా?" అంది.

"ఏమీ లేదు మరదలా. ప్రోగ్రామ్‌లో వేడి నూట ఎనభై పాయింట్ సున్నా అనుంటే, సున్నా దండగని తీసేశా. ఎలా రాసినా నూట ఎనభైయేగా?"

పిడుగు కుర్చీలోంచి లేచి నిలబడింది. "దొరికింది! వేడి పెట్టే ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది. దానికి డబుల్ కావాలి, అంటే పాయింటున్న సంఖ్య. ఆ సంగతి ఈ ఫైల్లో ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోతే, ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే ఈ పాత కంపైలర్ పాయింటున్న సంఖ్యనైతే డబుల్‌గానే పంపుతుంది, పూర్ణాంకాన్ని మాత్రం పూర్ణాంకంగానే తోసేస్తుంది. అవతల ఫంక్షన్ డబుల్ కోసం వెతికి, అక్కడ పడున్న చెత్తనే వేడి అనుకుంటుంది."

"కంపైలర్ నోరు మూసుకుని కూర్చుందా మరి?"

"హెచ్చరికలు ఆపేసింది నేనే. తర్వాత తిట్టు."

"తర్వాతెందుకు, ఇప్పుడు తీరిగ్గానే ఉన్నా. సర్లే, సున్నా మళ్లీ పెట్టేస్తా."

"పెట్టకు. రేపు ఇంకొకళ్లు నీలాగే శుభ్రం చేస్తారు. గుర్తుంచుకునేవాళ్ల దయ మీద ఓవెన్ నడపాలా?"

ఫైలు పైన ఒక్క వరుస కొట్టింది: ఈ ఫంక్షన్ పుచ్చుకునేది డబుల్. ఇలా ముందే చెప్పే వరుసనే ప్రోటోటైప్ అంటారు. ఇక పూర్ణాంకమిచ్చినా కంపైలరే మార్చి పంపాలి.

సభ ఓవెన్ గదిలోనే చేరింది. బావ సున్నా లేకుండానే నూట ఎనభై పెట్టి మీట నొక్కాడు. వేడి చూపే ముల్లు లేచింది. నూట ఎనభై దగ్గర ఆగింది. ముల్లు కదల్లేదు.

"రెండొందలు పెట్టు," అంది పిండి కలిపే పెద్దావిడ. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. ముల్లు రెండొందలకెళ్లి కూర్చుంది. గదంతా ఈలలు.

"పెట్టె కావాలన్నవాళ్లు చేతులెత్తండి," అంది పెద్దావిడ.

చేతులన్నీ అప్పటికే ట్రేల మీదున్నాయి.