మూలన పేరు

సికింద్రాబాద్ జీనుల గల్లీలో బోర్డులు రాసే తుకారాంకి ఒకటే జబ్బు. అల్లాఉద్దీన్ రాసిన బోర్డు కంటబడితే చాలు, కడుపు మండిపోయేది. పోనీ తల తిప్పుకుందామా అంటే, ఆ గల్లీలో ఎటు తిప్పినా ఆ మహానుభావుడి బోర్డులే.

పోలీసు చర్య తర్వాత దుకాణదారులు ఉర్దూ మాని తెలుగు బోర్డులు అడగసాగారు. అల్లాఉద్దీన్‌కి వచ్చింది ఉర్దూ రాతే కాబట్టి, ఇక తనదే రాజ్యమనుకున్నాడు తుకారాం. నెల తిరక్కుండా అల్లాఉద్దీన్ మిఠాయి పొట్లం తెచ్చి ముందు పెట్టి, "తెలుగు అక్షరాలు రాసుడు నేర్పు ఉస్తాద్," అంటూ కింద కూర్చున్నాడు. ఈ వయసులో వీడికేం వస్తుందిలే అని తుకారాం మిఠాయి తిని, పది రోజులు నేర్పాడు. ఆ పది రోజుల్నీ ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాడు.

మరుసటి ఎండాకాలం ఒక పొద్దున దేవానందం మాస్టారు గల్లీకొచ్చాడు. మెట్టుగూడలో ఆయన పెట్టబోయే బడికి పెద్ద బోర్డు కావాలట. రైల్వే కార్ఖానాకు పోయేవాళ్లందరి కళ్లూ పడే చోటు. అలాంటి బోర్డు మూలన, రాసినవాడిగా తన పేరుండాలని తుకారాం ఎన్నేళ్లుగా కలలు కంటున్నాడో!

"గల్లీ అంతా చూసి, మంచి చేతికే ఇస్తాను," అన్నాడు మాస్టారు.

"నేను సూపిస్త రండి సార్."

మాస్టారిది నింపాది నడక. జీను కుట్టే ముసలాయన దగ్గర ఆగి తోలు వాసన చూశాడు. గోడకున్న ఇనుప కడియం పట్టుకుని, పటాలం గుర్రాలను దీనికేనా కట్టేసింది అని అడిగాడు. తనకు చదవడం రాని ఉర్దూ బోర్డుల కింద కూడా మెడ ఎత్తి నిలబడ్డాడు. అవన్నీ అల్లాఉద్దీన్‌వే. తుకారాం పళ్లు కొరుక్కుని, ఆయన్ను తన బోర్డు ముందుకు లాక్కుపోయాడు.

"చివర అక్షరాలు ఇరుకయ్యాయే," అన్నాడు మాస్టారు.

"పలక చిన్నది సార్."

"మరి ఈ రెండోది?"

"ఇది సుత చిన్నదే."

అత్తరు దుకాణం దగ్గర మాస్టారి కాళ్లు ఆగిపోయాయి. పైన తెలుగు బోర్డు. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా హాయిగా కూర్చున్నాయి.

"ఎవరిదీ చెయ్యి? మూలన పేరు లేదేం?"

ఎవరిదో తుకారాంకి తెలియదా! కానీ అసూయ ఊరుకోనిచ్చిందా? "నాదే సార్," అనేశాడు.

అన్నాక చూశాడు, దుకాణం మెట్ల మీద కుంచె కడుగుతున్న అల్లాఉద్దీన్‌ని. అల్లాఉద్దీన్ చేతులు తుడుచుకుని లేచాడు.

"ఉస్తాద్ చెప్పింది నిజమే సాబ్. గీసింది నేనే గాని, మా పనిల షాగిర్ద్, అంటే శిష్యుడు, రాసింది ఉస్తాద్ రాసినట్టే. ఉస్తాద్ ఇజాజత్ ఇచ్చేదాక సొంత పేరు పెట్టుకోం. తెలుగుకు నా ఉస్తాద్ ఈయననే."

మాస్టారు తుకారాం వైపు తిరిగాడు. "అయితే ఆ అనుమతేదో ఇప్పుడే ఇవ్వండి. పేరు రాసుకుంటాడు. బడి బోర్డు కూడా ఆయనకే ఇస్తాను."

'ఇచ్చిన' అని ఒక్క మాట అంటే చాలు. కానీ తుకారాంకి ఆ మాట అనబుద్ధి కాలేదు. అల్లాఉద్దీన్ అబద్ధాలకోరువని నలుగురిలో తిట్టినా ఇంత మండేది కాదు. వాడు తన పరువు కూడా తనకంటే బాగా కాపాడాడు.

"ఇంకా చెయ్యి తిరగాలె," అన్నాడు తుకారాం గోడకేసి చూస్తూ.

"జీ ఉస్తాద్," అని తల వంచాడు అల్లాఉద్దీన్.

"సరే," అన్నాడు మాస్టారు తుకారాంతో. "షాగిర్ద్ చేతనే రాయించండి. మీ పద్ధతి ప్రకారం పేరు మీదే పెట్టుకోండి."

బోర్డు అల్లాఉద్దీన్ రాశాడు. కార్ఖానాకు పోయేవాళ్లు సైకిళ్లాపి మరీ చూశారు. మూలన పేరు మాత్రం తుకారాం తన చేత్తోనే రాసుకున్నాడు. మూడే అక్షరాలు. అయినా చివరిది పోయి చట్రానికి గుద్దుకుంది.