పెట్టె మీది టోపీ

మాలకీ పార్టీ ఆఫీసు మెట్లు తుడుస్తున్నాడు. మెట్టుకోసారి ఆగి, దగ్గు తెరిపిచ్చేదాకా రెయిలింగు పట్టుకుని నిలబడుతున్నాడు. వంగిన నడుము, బ్లీచు వాసన వేసే వేళ్లు. బెల్‌ఫాస్ట్‌లో ఆ వీధిలోని ఆఫీసుకు అతను కాపలాదారు. అంతకుముందు బ్రిటిష్ పాలన మీద తుపాకీ పట్టిన దళంలో మనిషి, పదకొండేళ్లు జైలు. ఎవరు పంపిన పని మీద వెళ్లి పట్టుబడ్డాడో మాత్రం నోరు విప్పలేదు.

పంపినవాడు ఫెర్గల్. ఇప్పుడు పార్టీ అభ్యర్థి. పైగదిలో రేడియోవాళ్లతో చెబుతున్నాడు: "పార్టీ వేరు, దళం వేరు. నేనెప్పుడూ దళంలో లేను."

కింద టీ కాస్తూ మాలకీ విన్నాడు. మనసు చివుక్కుమనలేదంటే అబద్ధం. కాకపోతే ఈ మాట వినడం కొత్తేం కాదు.

రేడియోవాళ్లు వెళ్లాక టీ పట్టుకెళ్లాడు. ఫెర్గల్ తలుపు మూశాడు.

"డాక్టరేమన్నాడ్రా?"

"ఎలక్షన్లదాకా ఉంటే గొప్పేనట."

ఫెర్గల్ కప్పులోకి చూస్తూ అన్నాడు. "ఒక్క మాటరా. నీ పెట్టె మీద జెండా కప్పుతాం. టోపీ, తొడుగులు మాత్రం వద్దు. కెమెరాలుంటాయి."

దళం మనిషి పోతే శవపేటిక మీద నల్ల టోపీ, నల్ల చేతితొడుగులు పెట్టి మోసుకెళ్లడం ఆ వీధి ఆనవాయితీ. మాలకీకి పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఈ బతుక్కి తనదని కోరుకున్నది అదొక్కటే.

"ఏరు దాటావుగా, ఇక తెప్పెందుకులే," అన్నాడు.

"అది కాదురా..."

"సరేలే. మోసేటప్పుడు ముందు భుజం నీదేనా?"

"నాదే."

"అయితే కాస్త ఎత్తిపట్టు. పొట్టోడివి, నేను జారిపోతాను."

ఫెర్గల్ నవ్వలేకపోయాడు.

సాయంత్రం మాలకీ ఇంటికెళ్లి సొరుగులోంచి టోపీ తీశాడు. మాలకీ దళంలో చేరిన రోజు ఫెర్గల్ తన తల మీదిదే తీసి అతనికి తొడిగాడు. లోపలి అంచున ఫెర్గల్ తల్లి ఎర్ర దారంతో కొడుకు పేరు కుట్టింది. పోలీసులు సోదాకొచ్చినప్పుడల్లా మాలకీ చెల్లెలు నూలా దాన్ని పిండి డబ్బాలో దాచేది. మాలకీ దాన్ని తడిబట్టతో తుడిచి, తొడుగులతో సహా కోటు జేబులో పెట్టుకుని మళ్లీ ఆఫీసుదాకా నడిచి వెళ్లొచ్చాడు.

తెల్లారి ఇంట్లో నూలా టీ తెచ్చి లేపబోతే అతను లేవలేదు.

కబురు విని ఫెర్గల్ ఆఫీసుకొచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తాళం తనే తీశాడు. మెట్లు శుభ్రంగా ఉన్నాయి. పైగదిలో తన కుర్చీలో, ఎర్ర దారం పేరు కనబడేలా తిరగేసిన నల్ల టోపీ, అందులో మడిచిపెట్టిన తొడుగులు.