చెల్లెలి అడ్రసు

పాస్‌వర్డ్ మర్చిపోవడం పెద్ద నేరమేం కాదు. లావణ్య చేసిన తెలివితక్కువ పని ఆ తర్వాతది. కొత్త పాస్‌వర్డ్ కోసం, తను మారుపేరుతో పోస్టులు రాసుకునే యాప్ ఫోన్ నంబరు అడిగింది, ఈ మహాతల్లి ఇచ్చేసింది. పరాయివాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తెచ్చుకునే పిల్ల, కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. తన నంబరు ఎవరెవరి ఫోన్లలో ఉందో వాళ్లందరికీ, ఇదిగో మీకు తెలిసిన మనిషి ఇక్కడుంది అని యాప్ చూపించడం మొదలుపెట్టింది.

ఆ నంబరు టీమ్‌లో అందరి దగ్గరా ఉంది. సర్వర్ ఏ వేళ ఆగిపోయినా ఎవరో ఒకరిని లేపాలి కాబట్టి, అందరూ అందరి నంబర్లూ సేవ్ చేసుకోవాలని టీమ్ లీడ్ మహేశ్ పెట్టిన రూలు అది.

అకౌంటు పేరు 'కరివేపాకు పిల్ల'. దానికి మొహం లేదు, ఊరు లేదు. తను ఆడపిల్లై ఉండి ఆడపిల్లను ప్రేమించిన సంగతి లావణ్య అందులోనే రాసుకుంది. జూన్ రాగానే ఇలాంటివాళ్లకు అండగా ప్రైడ్ నెలంటూ ఆఫీసువాళ్లు లాప్‌టాప్‌ల మీద ఇంద్రధనుస్సు స్టిక్కర్లు అంటిస్తారనీ, జులైలో క్యాంటీన్‌లో మళ్లీ అవే రోత జోకులు వేసుకుంటారనీ రాసింది. 'మీరు మీలాగే ఆఫీసుకు రండి' అని మెయిలు పంపిన మనుషులే వారం వారం పెళ్లెప్పుడని పీక్కుతింటారనీ రాసింది. అవన్నీ చదివి, మా మనసులో మాట చెప్పావక్కా అంటూ ఎక్కడెక్కడి ఆడపిల్లలో కింద రాసేవాళ్లు.

ఆ ఉదయం రాయదుర్గంలో మెట్రో దిగుతూ ఫోన్ చూసుకుంటే, మహేశ్ మిమ్మల్ని ఫాలో అవుతున్నారు అని ఉంది. వెనకవాళ్లు తోసుకుంటూ పోతున్నా లావణ్య మెట్ల మీదే నిలబడిపోయింది.

మహేశ్ మంచివాడని ఆఫీసంతా పేరు. ఎవరి మీదా గొంతు పెంచడు, పండక్కి అందరికంటే ముందు సెలవులిస్తాడు. భోజనాల తర్వాత రెండు కప్పుల టీ పట్టుకుని, ఎవరూ లేని మీటింగ్ గదిలోకి రమ్మన్నాడు.

"ఫికర్ చెయ్యకు లావణ్యా. నీ అకౌంట్ సంగతి నేనెవ్వరికీ చెప్ప. నీ బతుకు నీ ఇష్టం," అన్నాడు, కప్పు ఆమె ముందుకు జరుపుతూ.

లావణ్యకు ఏడుపొచ్చినంత పనైంది. థాంక్స్ అనబోయింది కూడా.

"గని ఒక్క ముచ్చట. నీ పోస్టుల కింద ఒక పిల్ల రోజూ రాస్తది. పచ్చ స్కూటీ ఫొటో పెట్టుకుంది. ఆ బండి మా ఇంటిది, ఆ పిల్ల మా చెల్లె స్రవంతి. ఇంట్లకెళ్లి పోయి రెండు నెలలైంది. అమ్మ అన్నం ముడ్తలేదు. అదెక్కడుందో నీకు ఎరుకుంటది. అడ్రస్ చెప్పు."

లావణ్య కప్పు ముట్టలేదు. స్రవంతి ఎక్కడుందో ఆమెకు తెలియకపోవడమేమిటి, నిజాంపేట హాస్టల్లో చేర్పించిందే తను. ఇంకో అమ్మాయితో ఫోన్ మాట్లాడుతూ దొరికిపోతే అన్న గదిలో పెట్టి తాళం వేశాడనీ, అడ్డుకున్నందుకు మణికట్టు విరిచాడనీ స్రవంతి ఏడుస్తూ చెప్పింది. బయట మాత్రం దేవుడని పేరక్కా అంది. అన్న పేరు ఆ పిల్లా చెప్పలేదు, లావణ్యా అడగలేదు. ఆ దేవుడు ఇప్పుడు ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"నాకు తెలీదు మహేశ్ గారూ."

"సోంచాయించి చెప్పు, తొందరేం లేదు. సాయంత్రం దాంక టైముంది. లేకుంటే మీ నాన్ననే అడుగుత, పెద్దమనిషి గద. నంబర్ నా దగ్గరుంది." నవ్వి, ఆమె తాగని కప్పు కూడా తనే తీసుకుని వెళ్లాడు.

అప్పుడప్పుడూ రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లల ఇంటి నంబర్లు టీమ్ లీడ్ దగ్గరుంచడం ఆ ఆఫీసు పద్ధతి. వాళ్ల క్షేమం కోసమేనట.

లావణ్య తండ్రి నారాయణప్ప కదిరిలో వేరుశనగ వ్యాపారి. వేరే కులం పిల్లవాణ్ణి చేసుకుందని తమ్ముడి కూతురి మొహం ఇప్పటికీ చూడని మనిషి. కూతురు లేడీస్ హాస్టల్లో ఉందనే ఆయనకు తెలుసు. నల్లగండ్ల ఫ్లాటు సంగతి గానీ, అందులో ఆమెతో కాపురముంటున్న కావ్య సంగతి గానీ తెలియదు.

లావణ్య బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుని కావ్యకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"చెప్పేయ్ లావణ్యా. ఎవరి పిల్లో ఏమో, వాళ్లన్నయ్యే కదా అడుగుతున్నాడు. మీ నాన్నగారికి తెలిస్తే నిన్ను లాక్కుపోతారు. నాకు భయంగా ఉందే," అంది కావ్య.

లావణ్యకు కావ్య మీద కోపం రాలేదు. తనకూ ఆ ఆలోచన వచ్చింది మరి. సిగ్గులేకుండా రెండుసార్లు వచ్చింది. అడ్రసు ఒక్క ముక్క, దానితో అందరి నోళ్లూ మూతపడతాయి. ఆ వెంటనే స్రవంతి మణికట్టు గుర్తొచ్చి ఫోన్ పెట్టేసింది.

స్రవంతికి మెసేజ్ పెట్టింది: మీ అన్న వెతుకుతున్నాడు, గేటు దాటి బయటకు రాకు. తర్వాత కిందికి దిగి, ఆఫీసు టవర్ వెనక క్యాబ్‌లు ఆగేచోట నిలబడి తండ్రికి ఫోన్ చేసింది.

"ఏం పాపా, ఈ యాళప్పుడు చేసినావే?"

"నాన్నా, నేను చెప్పేది అయ్యేంత వరకు ఫోన్ పెట్టేయొద్దు. ఇంకొకరు చెప్తే ఇనేదానికన్నా నేనే చెప్తాండా. నేను హాస్టల్లో లేను. కావ్య అనే అమ్మాయితో ఉంటాండా. స్నేహం కాదు నాన్నా. మొగుడూ పెళ్లాలు ఎట్లుంటారో అట్ల. నాకు పెండ్లి మాట ఎత్తొద్దు."

అటునుంచి, మండీలో హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో ఆయన్ను పిలిచారు, ఆయన పలకలేదు.

"నాన్నా?"

"ఆ ఇల్లు యాడుందో అడ్రసు పంపియ్. రాత్రి బస్సెక్కుతా."

లావణ్య పక్కనున్న గోడను పట్టుకుంది. "కొట్టేకి వస్తాండావా నాన్నా?"

నారాయణప్ప గొంతు అంత చిన్నగా ఉండటం ఆమె ఎన్నడూ వినలేదు.

"తెలీదు పాపా. నాకే తెలీదు. రానీ."

ఫోన్ పెట్టేశాడు. లావణ్య అక్కడే నిలబడి ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, నల్లగండ్లలో ఏ సందులో తిరగాలో అన్నీ టైపు చేసి తండ్రికి పంపింది. ఆ తర్వాత మెసేజ్‌లలో మహేశ్ పేరు తెరిచి, మా నాన్నకు నేనే చెప్పుకున్నాను, మీ చెల్లెలు ఎక్కడుందో చెప్పను అని రాసింది. రెండూ చేరాయని ఫోన్ చూపించింది.