అడగకుండా రాసుకున్న జవాబు

టైలరక్కను పనిలోంచి తీసేశారన్న ఫోను ఆమె చేతికి సూదులు గుచ్చి ఉండగానే వచ్చింది. వారానికి మూడు రోజులు రాని మనిషి అక్కర్లేదన్నాడట సూపర్‌వైజరు. లేచి వెళ్లి నిలదీద్దామంటే ఒంట్లో రక్తం డయాలసిస్ మిషన్ గొట్టాల్లో తిరుగుతోంది. ఇంకా మూడు గంటలు కదలడానికి లేదు. మొహం గోడకు తిప్పుకుని ఏడ్చింది. పక్క మంచాల మీద వెల్డింగ్ పని చేసే నేనూ, తాపీ మేస్త్రీ చూస్తూ పడి ఉన్నాం. కట్టేసిన గొడ్డుకైనా తాడు తెంపుకునే వీలుంటుంది.

నర్సు ఉండబట్టలేకపోయింది.

"అక్కా, పొట్ట డయాలసిస్ సంగతి నీకెవరూ చెప్పలేదా?"

"అదేంటమ్మా?"

గొంతు తగ్గించి చెప్పింది. పొట్టలోకి సన్నటి గొట్టం వేస్తారు. ఇంట్లోనే సంచిలోని మందునీళ్లు ఎక్కించుకుని, కొన్ని గంటలయ్యాక వంపేసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. చేతులు శుభ్రంగా లేకపోతే లోపల చీముపట్టి ప్రాణం మీదికొస్తుంది. కానీ మధ్యలో పనికి పోవచ్చు.

"మరి మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు ఇంటికి పోతే ఈ సెంటరు నడిపే కాంట్రాక్టరు ఈ మంచాలు ఎవరితో నింపుతాడు? పైగా రెండూ వివరించారనీ, మీరే మిషన్ కోరుకున్నారనీ నెలనెలా సంతకం పెడుతున్నారు కదన్నా!"

నిజమే. మంచం దొరికితే చాలని చదవకుండా గీకేశాం. సిగ్గేసింది.

"నాకైతే మిషనే నయం," అన్నాడు మేస్త్రీ. "ఒంటిగాణ్ణి. చేతులు వణుకుతాయి. ఆ సంచుల గోల నావల్ల కాదు."

"నీకది, నాకిది. మనల్ని అడగాలా వద్దా బాబాయ్?" అంది టైలరక్క, కళ్లు తుడుచుకుంటూ.



మళ్లీ మా వంతు వచ్చిన రోజు సెంటరు మేనేజరు కాగితాలతో గుమ్మంలో నిలబడ్డాడు. మేం పన్నెండు మందిమి. కాళ్లు ఉబ్బి ఉన్నాయి, ఆయాసం.

"సంతకం లేకపోతే మిషన్ లేదు."

పెన్ను ముందు మేస్త్రీకే ఇచ్చాడు. ఆయన పెట్టేస్తాడనే అనుకున్నాం. ముసలాయన కాగితం మొదటిసారి పూర్తిగా చదివాడు.

"నాకు మిషనే కావాలి," అంటూ పెన్ను తిరిగిచ్చేశాడు. "కానీ నన్నడిగారని అబద్ధం రాయను."

ఆ తర్వాత పెన్ను ఎవరూ ముట్టుకోలేదు. గంటసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాం. భయం వేసింది, దాచడమెందుకు. మేనేజరు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. రెచ్చగొట్టింది ఈమేనంటూ మేనేజరు నర్సును చూపించాడు. ఆమెను వ్యాన్ ఎక్కించారు. వెనకే టైలరక్క ఎక్కింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అందరం ఎక్కాం.

"దిగండి! మీకేమైనా అయితే ఎవరిది బాధ్యత?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"ఇన్నాళ్లూ ఎవరిది సార్?" అన్నాడు మేస్త్రీ. "లోపలేస్తే వేయండి. మా రక్తం కడిగించే పూచీ మీది."

డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు. అప్పుడే మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లు గేటులోకి వస్తున్నారు. టైలరక్క కిటికీ ఊచలు పట్టుకుని, "చదవకుండా సంతకం..." అని అరవబోయింది. ఊపిరందక మాట ఆగిపోయింది.

మిగతాది మేమందరం అరిచాం.