ఆకుపచ్చ పట్టీలో చుట్టాలు

తొమ్మిది కొట్టగానే కంటి డాక్టరుగారి మేనకోడలు స్కాన్ గది తలుపు తీస్తుంది. గడ్డం ఆనించే పీటని దూదితో తుడుస్తుంది. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ముందు తను కూర్చుంటుంది, తర్వాత రిసెప్షన్‌లో ఉండే చిన్న మావయ్యనీ, నర్సు పిన్నినీ కూర్చోబెడుతుంది. ఆసుపత్రిలో బయటివాళ్లు పేషెంట్లే మరి.

గడ్డం ఆనగానే ఎవరి కన్నయినా పాడుతుంది. కంటి వెనక పొర మందంగా ఉంటే బొంగురుగా, పలచగా ఉంటే సన్నగా. జబ్బుంటే మధ్యలో జీర వస్తుంది. వరండాలో కూర్చున్నవాళ్లు పేపర్లోంచి తల కూడా ఎత్తరు. డాక్టరుగారికీ కాగితమే ముఖ్యం. అందులో గీత ఆకుపచ్చ పట్టీలో పడితే ఆరోగ్యం, ఎర్రలోకి దిగితే జబ్బు.

ఆ రోజు ఓడరేవులో క్రేను నడిపే ఆవిడ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఏడంతస్తుల ఎత్తున కూర్చుని ఇనుప పెట్టెల్ని లారీల మీదికి దించడం ఆవిడ పని. ఏటా చేయించే కంటి పరీక్షతో పాటు కంపెనీ ఈ ఏడు కొత్తగా స్కాన్ కూడా అడిగింది. ఆవిడ కన్ను సన్నగా, ఎక్కడా జీర లేకుండా పాడింది. కాగితం మాత్రం ఎర్రగా వచ్చింది.

డాక్టరుగారు పెదవి విరిచారు. "పొర బాగా పలచనమ్మా. ఇక పైకెక్కొద్దు. కింద ఏదైనా పని చూసుకో."

"ఇందాక చివరి వరస అక్షరాలు కూడా గడగడా చదివాను కదండీ!" ఆవిడకి ఏడుపొచ్చేసింది. "పన్నెండేళ్లలో ఒక్క పెట్టెకి గీత పడనివ్వలేదు. నాకు ఇంకో పని రాదు."

"కాగితం అలా అంటుంటే నేనేం చేయను?" అంటూ ఆయన పెన్ను మూత తీశారు.

తల్లి ముందుకు జరిగింది. "ఒక్క మాట బాబూ. పొద్దున ఆ రిసెప్షన్ ఆయనదీ, నర్సమ్మదీ, ఈ అమ్మాయిదీ ఒకటే బొంగురు పాట విన్నాను. మీరంతా చుట్టాలా?"

మేనకోడలికి అప్పుడు వెలిగింది. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు, అమ్మినవాళ్లు ఆరోగ్యంగా ఉన్న నలభై మంది కళ్లు కొలిచి పట్టీ తయారుచేసుకోమన్నారు. బయటికెళ్లి ఎవర్ని బతిమాలతాం అని, భోజనాల వేళ ఇంటిల్లిపాదినీ పిలిచి పని కానిచ్చేసింది.

"మావయ్యా," అంది. డ్యూటీలో ఎన్నడూ అలా పిలవలేదు. "ఆ పట్టీ అంతా మనింటి కళ్లే. తప్పు నాది. మన ముక్కులే లోకంలో అందరికీ ఉన్నాయా, కళ్లు ఉండడానికి?"

డాక్టరుగారు అప్రయత్నంగా తన ముక్కు తడుముకున్నారు.

మేనకోడలు పెద్దావిడని పీట ముందు కూర్చోబెట్టింది. డెబ్బై ఏళ్లొచ్చినా సూదిలో దారం తనే ఎక్కించుకునే మనిషి. ఆవిడ కన్ను కూడా సన్నగా ఎత్తుకుంది. అంతలో, యంత్రానికి దూరంగా నిలబడ్డ కూతురి కన్ను దానంతటదే గొంతు కలిపింది. రెండూ ఒకే శ్రుతి, వెంట్రుకవాసి తేడా లేదు. వరండాలో పేపర్లు కిందికి దిగాయి.

పాట అయ్యేదాకా డాక్టరుగారు పెన్ను కదపలేదు. తర్వాత కాగితం మీద, "పొర పలచన. కన్ను ఆరోగ్యం. క్రేను నడపవచ్చు" అని రాశారు. "వచ్చే ఏడు మళ్లీ రామ్మా. నీ కన్నుని నీ కన్నుతోనే పోల్చి చూద్దాం," అన్నారు. మేనకోడలి వైపు తిరిగి, "ఆ చుట్టాలందర్నీ చెరిపెయ్యి," అన్నారు.

ఏడాది పాటు ఆమె వరండాలో జబ్బులేని వాళ్లందర్నీ బతిమాలి కొలిచింది. క్రేను ఆవిడ మళ్లీ వచ్చేసరికి ఆకుపచ్చ పట్టీ వెడల్పయింది. ఆవిడ గీత ఏమాత్రం తగ్గకుండా పోయినేడు ఉన్నచోటే ఉంది. పట్టీ అంచునే, కానీ లోపల. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకి పరుగెత్తింది.