పదకొండో బుట్ట దగ్గర అరిచాను

నాకు అన్నిటికంటే భయం, నేను చూడని ఆ కాసేపట్లో నా పాప ఎల్వి చప్పుడు లేకుండా ఊపిరి ఆపేస్తుందేమోనని. ఏడిస్తే భయం లేదు. ఎల్వి గంటసేపు నోరెత్తకుండా నిద్రపోతేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలాకే కాఫీ తాగుతాను. వంటల కోర్సు సగంలో వదిలేసినదాన్ని, ఈ భయానికి డాక్టర్లు ఏం పేరు పెట్టారో నాకు తెలియదు. మా ఆయన యార్నో మాత్రం "నీ కాపలా ఉద్యోగం" అంటాడు.

అందుకే పాప పుట్టాక మా స్కీ కొండ ఎక్కలేదు. చలికాలం జనం జారే ఆ కొండ మీదే వేసవిలో మేం డిస్క్ గోల్ఫ్ ఆడతాం. చేతిలో పళ్ళెమంత డిస్కు, ఎక్కడో దూరంగా ఇనప గొలుసులు వేలాడే బుట్ట, మధ్యలో బండలు, చెట్ల వేళ్లు, బురద, దోమలు. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. మా కొండ మీద గెలుపు సంగతి అటుంచండి, అన్ని బుట్టలూ తిరిగి సొంత కాళ్ల మీద కిందికొస్తే చాలు, ఆ పూట సాసేజిలు ఎన్ని తిన్నా ఎవరూ అడగరు.

జూన్‌లో ఒక ఆదివారం తాయిస్తో తాతయ్య నన్ను ఇంట్లోంచి లాగాడు. యార్నోకి తాత ఆయన. నాకు డిస్కు పట్టడం నేర్పింది ఆయనే.

"పిల్లని వాళ్ల నాన్న చూసుకోడా? వాడికీ రెండు చేతులున్నాయిగా," అన్నాడు.

"కళ్లు కూడా కావాలి తాతయ్యా. అవెప్పుడూ ఫోన్లోనే ఉంటాయి."

"నేనిక్కడే ఉన్నా. వింటున్నా," అన్నాడు యార్నో ఫోన్లోంచి తలెత్తకుండా.

చివరికి ఒప్పందం కుదిరింది. యార్నో కొండ కింద నీడలో పాప బండి పక్కనే కూర్చుంటాడు, నేను ఒక్కో బుట్ట దాటగానే ఒక ఫోటో పంపుతాడు.

"ఫోటోలో ఊపిరి కనపడదు," అన్నాను.

"వీడియో పంపుతాలే. వెళ్లు తల్లీ, నీకు దండం పెడతా."

మూడో బుట్టకే నా తొడలు వణికాయి. అక్కడ దారి లేదు, బండల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి పాకడమే. తాతయ్య మేకలా ముందు పోతున్నాడు. నా డిస్కు బిర్చ్ చెట్టుకు తగిలి వెనక్కి వచ్చి నా కాళ్ల దగ్గరే పడింది.

"చెట్టుకే నచ్చలేదు నీ విసురు," అన్నాడు.

"మీది మాత్రం ముళ్లపొదకి బాగా నచ్చినట్టుంది."

"అక్కడ బ్లూబెర్రీలు ఉన్నాయని కావాలనే వేశా."

కొండ నడుమకు చేరాక ఒక డిస్కు కిందికి విసిరాను. అది గాలిలో తేలి తేలి, చెరువు మీద కొంగలా వాలి, బుట్ట పక్కన దిగింది. చాలాసేపటి నుంచి ఫోన్ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పదకొండో బుట్ట అన్నిటికన్నా మొండిది. ఈ బండ మీంచి విసిరితే అవతలి బండ మీద పడాలి. మధ్యలో రాళ్ల లోయ, అవతలి బండ ఎక్కడానికి ఒక తాడు. నాది అవతల పడింది. తాతయ్యది స్ప్రూస్ చెట్టుకు కొట్టుకుని లోయలోకి పోయింది.

"నువ్వు పైకి పో. నేను వెతుక్కుని వస్తా."

"నేనూ వెతుకుతా."

"ఇద్దరం తొక్కితే అది ఇంకా లోపలికి పోతుంది. పో."

తాడు పట్టుకుని ఎక్కాను. నా డిస్కు బుట్టలో వేశాను. అంతలో ముగ్గురు కుర్రాళ్లు వచ్చి మేం విసిరిన బండ మీద నిలబడితే, మేం ఆలస్యం చేస్తున్నాం కదా అని, మీరు ముందు ఆడేసుకోండని చెయ్యి ఊపాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా విసరబోతుంటే మిగతావాళ్లు మాట్లాడరు. సంచి జిప్పు కూడా తీయరు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొదటివాడు బుట్టకు గురి చూస్తుంటే నోరు మూసుకున్నాను. రెండోవాడప్పుడూ అంతే.

లోయలోంచి ఏ చప్పుడూ లేదు. కొమ్మ విరగలేదు. దోమల్ని తిట్టడం లేదు. తాతయ్య అడవిలో ఉండి దోమల్ని తిట్టలేదంటే అది మామూలు సంగతి కాదు.

మూడోవాడిది ఎర్ర గడ్డం. ఇది పడితే వాడి జన్మలోకెల్లా మంచి ఆటని పక్కవాళ్లు ఇందాక అనుకోవడం నాకు వినపడింది. వాడు వంగాడు. చెయ్యి చాచాడు. నావల్ల కాలేదు.

"తాతయ్యా!"

డిస్కు బుట్ట అంచుకు తగిలి, దొర్లి, వాలు మీద పరుగెత్తుకుంటూ పోయింది. చర్చిలో ఉమ్మేసినదాన్ని చూసినట్టు ముగ్గురూ నన్ను చూశారు.

కింద నుంచి గొంతు వచ్చింది. "ఎవరో విసురుతుంటే అలా అరుస్తావేంటే? సిగ్గు లేదూ?"

తాడు వదిలేసి జారుకుంటూ దిగాను, అటు నుంచి కుర్రాళ్లూ దిగొచ్చారు. రెండు బండల సందులో తాతయ్య కాలు పిక్కదాకా ఇరుక్కుపోయి ఉంది. ముఖం పాలిపోయింది. డిస్కు మాత్రం చేతిలోనే ఉంది.

"ఎప్పుడు ఇరుక్కుంది?"

"నువ్వు పైకి చేరగానే."

"పిలవొచ్చుగా తాతయ్యా."

"నువ్వు విసరబోతున్నావు. తర్వాత వీళ్లొచ్చారు. ఒకరి వెనక ఒకరు. మధ్యలో సందేదీ?"

రాయి పైకెత్తుతున్న ఎర్ర గడ్డం తలూపాడు. "అవును, నిజమే లెండి. సందు లేదు."

ముగ్గురికీ ఆ మాట సబబుగానే తోచింది. నాకు మాత్రం అందరినీ కలిపి ఆ లోయలోనే పాతిపెట్టాలనిపించింది.

"ఇప్పటికి ఎన్ని విసుర్లయ్యాయి బాబూ?" అని తాతయ్య అడిగాడు. కుర్రాడు చెప్పాడు. "అయ్యయ్యో," అని మూలిగాడు తాతయ్య. కాలు బయటికి లాగినప్పుడు కూడా అంత మూలగలేదు.

వంతులేసుకుని మోసుకుంటూ దించాం. యార్నో పంపిన వీడియోలు ఒక్కటీ చూడలేదు నేను. కింద ఎల్వి లేచి కొండ దద్దరిల్లేలా ఏడుస్తోంది. అంత కమ్మగా ఏ పాటా వినలేదు.

కాలి కట్టు విప్పిన వారానికే తాతయ్య మళ్లీ ఒంటరిగా కొండెక్కడం మొదలుపెట్టాడు. నన్ను తీసుకెళ్లడట. నేను అరుస్తానట, నలుగురి ఆటా పాడుచేస్తానట. పొద్దున్నే యార్నో పనికి పోతాడు, ఎల్వి పాకడం నేర్చి గడప దాటుతోంది. నేను కదలలేను.

మీరు మా వైపు ఆడటానికి వస్తే, పొద్దున పూట ఆయన ఎక్కడున్నాడో ఒకసారి చూడండి. కనపడకపోతే బండల సందుల్లోకి వంగి గట్టిగా పిలవండి, పక్కన ఎవరు విసరబోతున్నా సరే. బాగానే ఉన్నానంటాడు. ఆ మాట నమ్మి వెళ్లిపోకండి, నడిపించి చూడండి.